ప్యూమిస్ మైదానంలో లూపిన్

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1980 మే 18న సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పుడు 57 మంది ప్రాణాలు పోయాయి, శిఖరం సుమారు 400 మీటర్ల మేర కుంగింది. కొండకూ స్పిరిట్ సరస్సుకూ నడుమ ఉన్న అడవి సమాధి అయిపోగా, ఆ చోట ప్యూమిస్, అంటే శిలాద్రవంలోని వాయువులు పొంగి బయటపడగా బెజ్జాలు బెజ్జాలుగా గడ్డకట్టిన తేలికపాటి నురుగురాయి, మేటవేసింది. ప్యూమిస్ మైదానంగా పేరుపడిన ఆ నేలలో నత్రజని దాదాపు లేదు.

అక్కడ తొలి కొన్నేళ్లలోనే వేరూనిన మొక్క చిక్కుడు కుటుంబానికి చెందిన లూపినస్ లెపిడస్ అనే లూపిన్. చెట్ల ఎదుగుదల ఆగిపోయే హద్దుకు పైనున్న ఆల్పైన్ మండలంలో సహజంగా కనిపించే ఈ మొక్క నేలను అంటిపెట్టుకుని జానెడు ఎత్తులోపే పెరుగుతుంది. ఒకే కాడ కొస నుంచి విచ్చుకునే దాని చిట్టాకుల మీద వెండి నూగు దట్టంగా ఉంటుంది. ఊదారంగు పూలగుత్తిలో ఒక్కొక్క పువ్వుకూ పైన నిలిచిన ధ్వజం, ఇరుపక్కలా రెక్కలు, వాటి చాటున కేసరాలను దాచుకున్న ద్రోణి ఉంటాయి. చిక్కుడు పువ్వులోనూ ఇదే అమరిక.

దాని అసలు బలం వేళ్ల బుడిపెల్లో ఉంది. అక్కడ చేరిన రైజోబియా వర్గపు బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల రూపానికి మారుస్తుంది. జనుము, జీలుగ చల్లి పూత దశలో పొలంలో కలియదున్నే తెలుగు రైతు వాడుకునేదీ ఈ గుణాన్నే. పొలంలో కొద్ది వారాల్లో ముగిసే ఆ పని ప్యూమిస్ మైదానంలో దశాబ్దాలుగా సాగుతోంది, ఎందుకంటే లూపిన్ కొద్ది ఏళ్లే బతికి, చచ్చి కుళ్లిన తరువాతే దాని చోట ఇతర మొక్కలకు పోషకం దొరుకుతుంది. పైగా దాని గింజ గాలికి ఎగిరిపోయేది కాదు, కాయ ఎండి పేలినప్పుడు తల్లి మొక్క దగ్గరలోనే పడుతుంది. అలా గుంపు అంచుల వెంట విస్తరించే ఆ కొత్త మొక్కల మీదే గొంగళి పురుగుల దాడి ఎక్కువని జాన్ బిషప్, విలియం ఫేగన్‌ల పరిశోధన చూపింది. నేలకు నత్రజని ఇచ్చే మొక్క వ్యాప్తిని ఒక పురుగు ఇంతగా నిలువరించగలదన్న సంగతి ఆ నేలను కదపకుండా వదిలినందువల్లనే తెలిసింది.

పేలుడు జరిగిన ఏడాదే నేల కోత ఆపడం కోసం కొన్ని చోట్ల గాలిలోంచి బయటి రకాల గడ్డి విత్తనాలు చల్లారు. అందుకు భిన్నంగా, 1982లో అమెరికా కాంగ్రెస్ సుమారు 1,10,000 ఎకరాలను జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించి, అక్కడ ప్రకృతి తన క్రమంలో సాగేలా కాపాడాలని నిర్దేశించింది. నష్టపోయిన నేలను వెంటనే పచ్చగా చూడాలన్న ఆతురత ఎంత సహజమైనా, దాన్ని అదుపులో పెట్టిన ఈ నిర్ణయం ఎంతో విలువైనది.

ఆ నిర్ణయానికి తరువాత కఠిన పరీక్ష ఎదురైంది. శిథిలాలు అడ్డుపడి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయిన స్పిరిట్ సరస్సు గట్టు తెగితే దిగువ ఊళ్లు మునిగే ప్రమాదం ఉండడంతో 1985లో నీటిని మళ్లించే సొరంగం తవ్వారు; దాని మరమ్మతు పనుల కోసం మైదానం మీదుగా దారి వేయాలని అమెరికా అటవీ శాఖ తలపెట్టగా, దీర్ఘకాల పరిశీలన స్థలాలు చెడిపోతాయని శాస్త్రజ్ఞులు అభ్యంతరం తెలిపారు. దిగువ ఊళ్ల ప్రాణభద్రత ముందు ఏ మొక్కా ఎక్కువ కాదు. అయినా, దారి తప్పనప్పుడు అది పరిశీలన స్థలాలను వీలైనంత తప్పించి, అవసరమైనంత వెడల్పుకే పరిమితమై సాగాలనీ, పని ముగిశాక వాహనాలకు మూసివేయాలనీ పట్టుబట్టడం శాస్త్రజ్ఞుల హక్కు, వారి మాట ఆలకించడం అటవీ శాఖ బాధ్యత.