ఆకాశతరంగముల వంతు

తీగలు లేని వార్తాప్రసారమునకు ఆధారమైన తరంగశ్రేణి, అనగా స్పెక్ట్రము, చాలదను మొఱ కొన్నియేండ్లుగా వినవచ్చుచున్నది. కాని కాలువ చివరి భూములెండుటకు కారణమెల్లప్పుడును నీరులేమియే కాదని మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పైవారు తమకు పనిలేనప్పుడును తూము విడువకపోవుటయు నొక కారణము. స్పెక్ట్రము విషయమునను జరుగుచున్నది చాలవఱకిదియే.

దీనికి శాస్త్రజ్ఞులు రెండు దారులు చూపుచున్నారు. మొదటిది బీమ్‌ఫార్మింగు. పాతపద్ధతిలో టవరు తన తరంగములను విశాలముగ వెదజల్లును. వినవలసినవాడొక్కడు, ఆటంకపడువారు పలువురు. క్రొత్తపద్ధతిలో పదులకొలది చిన్న ఆంటెన్నాలను ఒకే పలకపై నమర్చి, ఒక్కొక్కదాని తరంగమును లేశమాత్ర కాలభేదముతో వెలువరింతురు. కోరిన దిక్కున అవి యొకదానికొకటి తోడై బలపడును. తక్కిన దిక్కుల ఒకదానినొకటి అడచుకొనును. పలక కదలకయే తరంగపుంజము మనిషివెంట తిరుగును. కావున ఒకే తరంగమును ఒకే క్షణమున వేర్వేఱు దిక్కులనున్న పలువురకు వినియోగింపవచ్చును. పొలమంతయు ముంచుట మాని బోదెలు తీసి పాఱించుట వంటిదిది.

రెండవది పంచుకొనుట. అమెరికాలో 3550 మొదలు 3700 మెగాహెర్ట్జుల వఱకు గల శ్రేణిలో నౌకాదళపు రాడారులు పనిచేయుచుండెను. 2015లో అచ్చటి సమాచారసంఘము దానిని ఇతరులకును తెఱచినది. అగ్రస్థానము నౌకాదళమునకే, తరువాత వేలమున హక్కు కొన్నవారు, మిగిలినచోట తక్కినవారు. తీరమునందలి యంత్రములు రాడారును పసికట్టగానే కంప్యూటరు ఇతరులను ప్రక్కకు తప్పించును. యుద్ధనౌకలతోనే పొత్తు కుదిరినప్పుడు వర్తకసంస్థలతో కుదరదనుట మాకు బోధపడకున్నది.

ఆకాశతరంగములు ప్రజలసొత్తని మన సుప్రీంకోర్టు 1995లోనే తీర్పుచెప్పినది. 2022 వేలమున సర్కిళ్లన్నియు కలిపి 51,236 మెగాహెర్ట్జులు 1,50,173 కోట్ల రూపాయలకు, ఇరువదియేండ్ల హక్కుతో పోయినవి. బొక్కసము నిండినది, సంతోషమే. కాని కొన్నవాడు వాడని పల్లెలో ఆ తరంగమెవ్వరిది? 2023 టెలికమ్యూనికేషన్ల చట్టపు 7వ సెక్షను దీనికి జవాబు చెప్పుచున్నది. పంచుకొనుటకును, రెండవవానికి అప్పగించుటకును ప్రభుత్వము అనుమతింపవచ్చును. తగిన కారణము లేక వాడకయుంచినదానిని రద్దును చేయవచ్చును. ఈ సెక్షను 2024 జూలైలో అమలులోనికి వచ్చినది. అందలి ‘వచ్చును’ అను మాటయే మాకు భయము.

ఇంత ధనముపోసి కొన్న హక్కులోనికి అన్యులనెట్లు రానిత్తుమని సంస్థలనవచ్చును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. వారికి ప్రతిఫలమిప్పింపవచ్చును; వారికి పనిపడిన క్షణమున రెండవవాడు తొలగవలెనను నియమమును పెట్టవచ్చును. తాము వాడకయు, ఒరుల వాడనీయకయునుండు హక్కును మాత్రము మేమంగీకరింపజాలము.

2018లో ప్రభుత్వము సుమారు 224 కోట్ల రూపాయలతో సంకల్పించిన 5జి పరీక్షాకేంద్రపు పనిలో పాల్గొన్న విద్యాలయములలో సంగారెడ్డి కడనున్న హైదరాబాదు ఐ.ఐ.టి. యొకటి. కొలుచు నేర్పు మనయింటనే యున్నది. ఏ తాలూకాలో ఏ తరంగమెంత వాడుకలోనున్నదో అట్టివారిచే కొలిపించి, ఆ లెక్కలను ప్రజలకు వెల్లడింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. దేశమంతట ఒక్కమాఱు సాధ్యము కాదందురేని, ఒక్క జిల్లాలోనైనను ఆలసింపక ఆరంభింపవలెను.