బొటానికల్ గార్డెన్ చూసొచ్చినంక మా పొలం గట్టు బోసిగా కనబడ్డది

వీడియోలో నేను చూపించినవి రెండు గట్లు. ఒకటి నున్నగా గీకేసిన గట్టు, ఇంకోటి చెట్టూ చేమా ఉన్న గట్టు. రెండూ నర్మెట్టలో మావే. వాటి వెనుక ఉన్న సంగతి వీడియోలో పూర్తిగా చెప్పలేకపోయిన, అందుకే ఇక్కడ రాస్తున్న.

సంక్రాంతి సెలవుల్లో పిల్లలు హైదరాబాద్ పోదామని పట్టుబట్టిన్రు. నేను కొత్తగూడ బొటానికల్ గార్డెన్ చూపిస్త అన్న. మా ఇంటామె నవ్వింది. "పొద్దుందాక చెట్లల్లనే ఉంటవు. మళ్ల పైసలు పెట్టి చెట్లు చూసుడేంది?" అన్నది. మాట నిజమే. అయినా మా అమ్మను కూడా తోలుకొని అందరం బయలెల్లినం. జనగామలో బస్సెక్కి ఉప్పల్‌ల దిగినం. అక్కడినుంచి మెట్రోలో హైటెక్ సిటీ, ఆడికెల్లి ఆటో. పిల్లలకు మెట్రో ఎక్కుడే సగం పండుగ.

చుట్టూ అద్దాల మేడలు, నడుమ 270 ఎకరాలకు పైగా పచ్చదనం. కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు మీద ఉన్న ఈ తోటను అటవీ అభివృద్ధి సంస్థ చూసుకుంటది. ఔషధ మొక్కలు, వెదురు, తాటి జాతులు, పండ్ల చెట్లు అన్నీ దేనికది వేరుగ వనాలు పెట్టిన్రు. పెద్ద పెద్ద బండరాళ్లను కదపకుండ అట్లనే ఉంచిన్రు. మన దిక్కు గుట్టలు ఎట్లుంటయో అట్లనే.

అసలు సంగతి ఔషధ వనం దగ్గర మొదలైంది. ఆరో తరగతి చదివే మా బిడ్డ పేర్లు చదువుకుంట పోతున్నది. వావిలి కాడ ఆగింది. మా అమ్మ ఒక ఆకు ముట్టి చూసి, "బాలింతకు ఈ ఆకు వేసి మరిగించిన నీళ్లే పోస్తుంటిమి. గుమ్మిల వడ్లు పోసేటప్పుడు వేపాకు, వావిలాకు వేస్తే పురుగు రాకపోవు" అన్నది. బిడ్డ నా దిక్కు చూసింది. "బాపూ, గిది మన పొలంకాడ ఉందా?"

ఉండె. మూడేండ్ల కింద దాకా ఉండె. పొలం చదును చేయించినప్పుడు జేసీబీ పెట్టి గట్టు మీది వావిలి పొదలు, రెండు కానుగ చెట్లు నేనే పీకించిన. ట్రాక్టర్ తిరగడానికి అడ్డమున్నయని. గంట సేపు పని. ఆ రోజు గట్టు నున్నగా కనబడితే మంచిగ అనిపించింది కూడా. ఇప్పుడు దశపర్ణి కషాయం చేసుకోవాలంటే వావిలాకు కోసం బండేసుకొని వాగు దాకా పోతున్న. ఇదంతా బిడ్డకు ఎట్ల చెప్పాలె? "ఉండె బిడ్డా" అని ఊకున్న.

ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెప్తున్న. మనం ప్రకృతి వ్యవసాయం అని చెప్పుకుంటున్నం గని, చాలామందిమి డ్రమ్ములకాడనే ఆగిపోయినం. జీవామృతం కలుపుతం, నీమాస్త్రం కొడతం. వాటికి కావలసిన ఆకు ఎక్కడినుంచి వస్తదో ఆలోచిస్తలేం. దశపర్ణికి పది రకాల ఆకు కావాలె. వేప, కానుగ, సీతాఫలం, వావిలి, ఉమ్మెత్త, ఆముదం, జిల్లేడు, బొప్పాయి, జామ, మారేడు. ఒక్కో దగ్గర ఒకటి రెండు మారుతయి. 200 లీటర్ల నీళ్లల్ల వేసి 40 రోజులు నానబెట్టాలె. మన తాతల కాలంల ఈ పదీ పొలం చుట్టూనే ఉండేటివి. ఇప్పుడు సీసాల్లో పోసి అమ్మేటోళ్లు వచ్చిన్రు. గట్టు పోగొట్టుకున్నోడు కషాయం కూడా కొనుక్కోవాల్సిందే. అప్పుడు మందుల దుకాణానికి, మనకు తేడా ఏముంది?

ఆకు ఒక్కటే కాదు. గట్టు మీద పూలుంటే మిత్ర పురుగులకు తిండి దొరుకుతది. అక్షింతల పురుగులు, సాలీళ్లు అక్కడే తలదాచుకొని చేనులోకి వస్తయి. దసరా నాడు పాలపిట్టను చూడాలని అందరం పోతం గని, పాలపిట్ట గూడు పెట్టాలంటే ముసలి చెట్టు తొర్ర కావాలె. ముసలి చెట్లన్నీ కొట్టేసి పిట్ట రావాలంటే ఎట్ల వస్తది? గడ్డిమందు కొట్టి కొట్టి గునుగు కూడా పోగొట్టినం. చేన్లల్ల ఉత్తగ దొరికిన పువ్వును ఇయ్యాల బతుకమ్మ కోసం అంగట్ల కొంటున్నం.

ఇంకో మాట. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు మన సామర్లకోటలో తోట పెట్టి మొక్కల మీద పని చేసిండు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు పెద్దగా పోయిండు. కోరమాండల్ తీరం మొక్కల మీద 1795 నుంచి వచ్చిన ఆయన పుస్తకాల్లో బొమ్మలతో పాటు తెలుగు పేర్లు కూడా రాసుకున్నడు. సోమిద చెట్టు శాస్త్రీయ నామం సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. అందులో మొదటి మాట మన తెలుగు పేరే. అంటే ఆ పేర్లు ఆయనకు ఇక్కడి జనమే చెప్పి ఉంటరు. ఎక్కడినుంచో వచ్చినాయన మనోళ్లను అడిగి రాసుకున్నడు. మన పిల్లలు మన ఇంట్ల ఉన్న ముసలమ్మను అడుగుతలేరు. అడిగేటట్టు మనం చేస్తలేం. ఆ రోజు గార్డెన్‌ల పలకల మీద ఉన్నదానికంటె మా అమ్మ చెప్పిందే ఎక్కువ. మోదుగ కాడ విస్తరి కుట్టుడు, హోలీకి ఆ పూలతో రంగు చేసుడు చెప్పింది. కానుగ కాడ నాటు ముందు మడిల ఆకు తొక్కుడు చెప్పింది. ఇన్నేండ్లు ఒకే ఇంట్ల ఉన్నం, ఇవన్నీ పిల్లలకు చెప్పడానికి వంద కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది.

"గట్టు మీద చెట్టుంటే నీడ పడ్డకాడ పత్తి ఎదగదు" అని కొందరు రైతులు అంటరు. నిజమే, నేను కాదనను. పెద్ద వేప కింద రెండు మూడు సాళ్లు గిడసబారుతయి. పక్క పొలమాయనతో మాటలు కూడా వస్తయి. అందుకే అన్ని గట్ల మీద పెద్ద చెట్లు పెట్టమంటలేను. వావిలి, సీతాఫలం, ఆముదం, తంగేడు లాంటివి పొట్టిగనే ఉంచుకోవచ్చు. కానుగ, గిరిపుష్పం ఏడాదికోసారి నరికి ఆ రొట్టను మడిల తొక్కితే నీడా తగ్గుతది, ఎరువూ అయితది. పెద్ద చెట్టు బాయి కాడనో, పశువుల కొట్టం కాడనో ఒక్కటుంటే చాలు.

మన జనగామ జిల్లాకు ఇది కొత్త ముచ్చట కాదు. లింగాలఘనపూర్ మండలం ఏనబావి ఊరు ఊరంతా కలిసి 2006లనే రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకున్నది. అంత పెద్ద పని చేసినోళ్లున్న జిల్లాల గట్టు మీద పది మొక్కలు పెట్టుకునుడు కష్టమా?

ఊరికి కూడా ఒక పని ఉన్నది. పల్లె ప్రగతి కింద ఊరూరికీ పల్లె ప్రకృతి వనం వచ్చింది. స్థలం ఉన్నది, కంచె ఉన్నది. అందులో ఒక మూలను రైతుల ఆకు వనంగా మార్చుకుందాం. కషాయాలకు పనికొచ్చే చెట్లు పెట్టి, తెలుగు పేరు, వాడకం రాసి పలకలు కడదాం. పలకలు బడి పిల్లలతో రాయించాలె, వాడకం ముసలోళ్లతో చెప్పించాలె. రోడ్ల నడుమ కోనోకార్పస్ నాటి, తర్వాత అదే వద్దనుకున్న అనుభవం మనకున్నది. ఏం నాటాలో ఊరి రైతులను అడిగితే ఆ తిప్పలు రావు. గ్రామసభల ఈ మాట పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

పిల్లలను బొటానికల్ గార్డెన్‌కు తప్పకుండ తోలుకపోండి. కొత్తగూడ దూరమైతే హన్మకొండల వన విజ్ఞాన కేంద్రం ఉన్నది. కాకపోతే ఇంట్ల పెద్దమనిషిని వెంట తీసుకపోండి, ఫోన్ జేబుల పెట్టి వాళ్లు చెప్పేది వినండి.

మేము వచ్చినంక వాగు కాడికెల్లి వావిలి కొమ్మలు తెచ్చి గట్టు మీద గుచ్చినం. కొమ్మ గుచ్చితే బతికే చెట్టు అది. ఐదింట్ల మూడు చిగురు పెట్టినయి. మా బిడ్డ పాత రేకు ముక్కల మీద పేర్లు రాసి కట్టింది. వీడియో చివర్ల కనబడే వంకర అక్షరాలు అవే. ఇప్పటికి నాలుగు రకాలైనయి, ఇంకా ఆరు కావాలె.

మీ గట్టు మీద పదింట్ల ఎన్ని ఉన్నయి? ఒకసారి లెక్కపెట్టి కింద రాయండి.