ఇండ్ల నడుమ ఎడము

వేసవి వచ్చినదనిన అశ్వారావుపేట ప్రాంతమువారికి భయములు రెండు. బావి అడుగంటుట యొకటి, నిప్పంటుకొనుట రెండవది. ఇప్పపూలు రాలు కాలమున పూలు కనబడుటకై చెట్టుక్రింది యెండుటాకులకు నిప్పుపెట్టుదురు. వెనువెంటనే తునికాకు సేకరణ వచ్చును. తెలతెలవారకమునుపే పనిచేయగలవారందఱును అడవికి పోవుదురు. గూడెమున ముసలివారును పసిబిడ్డలును మిగులుదురు. పొయ్యిలో నిప్పు ఆరినదో లేదో చూచువారుండరు. వడగాలి వీచు మధ్యాహ్నమున ఒక తాటాకు కప్పు అంటుకొన్నచో నష్టము ఆ యింటితో పోవునా, వరుస యెల్ల పోవునా యన్నది రెండిండ్ల నడుమ నున్న జాగానుబట్టి తేలును. ఆ జాగాను గూర్చియే నేడు మేము చెప్పదలచినది.

పాత గూడెములలో ఇంటిచుట్టు పెరడును, పెరటిచుట్టు దడియు నుండెడివి. ఇల్లును ఇల్లును తాకెడివి కావు. అది శాసనమువలన గాదు, భూమి సమృద్ధిగా నుండుటవలన. రోడ్డువెంబడి పెరిగిన వీధుల సంగతి వేఱు. అన్నదమ్ములు స్థలము పంచుకొనినప్పుడు నడుమ సందును గూడ పంచుకొందురు. ఒకడు చూరు పెంచును, వేఱొకడు పంచ దించును, మూడవయేట వంటపాక వెలయును. మిగిలిన మూరెడు సందు ఎవరిదియు గాదని తలంచుటచే అందఱిదియు నగుచున్నది: ఒకరి కట్టెలమోపు, ఒకరి గడ్డివామి, ఒకరి గ్యాసుబండ. హనుమంతుడు ఇంటినుండి ఇంటికి లంఘించి లంకను గాల్చెను గాని, మన వీధులను గాల్చుటకు సముద్రము దాటిన బలము అక్కఱలేదు.

మంట తాకినగాని పొరుగిల్లు కాలదని పెక్కురు నమ్ముచున్నారు. ఇది పొరపాటు. నడినెత్తిని సూర్యుడుండగా చదరపు మీటరునకు సుమారు ఒక కిలోవాటు వేడిమి పడును. అందుకు పండ్రెండింతల వేడిమి కొంతసేపు సోకినచో కొయ్య కమిలి ఆవిరులు చిమ్మును. అపుడొక రవ్వ చాలును. కాలుచున్న యింటి వేడిమి ఎదుటిచూరుపై పడుచుండగానే మన కంటికి గానరాకుండ ఆ పని జరిగిపోవును. దూరము పెరిగినకొలది ఈ వేడిమి త్వరత్వరగ తగ్గును. గజము ఎడమునకును నాలుగు గజముల యెడమునకును గల భేదము ఇదియే. నిప్పురవ్వలు మాత్రము ఎంతటి సందునైనను దాటగలవు. కావున కప్పు మండనిదై యుండుటయు ముఖ్యమే. ఆస్బెస్టాసు రేకు మండదు, నిజమే. కాని వేడికి ప్రేలి ముక్కలగును.

ఈ ఆలోచన మనకు క్రొత్తదికాదు. ఇంటికి ఇంటికి నడుమ నాలుగు గాని మూడు గాని పాదముల యెడము విడువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది; చూరులను మాత్రము దగ్గఱ చేర్చుకొననిచ్చినది, ఆ సడలింపు మాకు నచ్చలేదు. వేసవి పగటివేళ ఇంటిలోపల నిప్పు రాజేయరాదనియు, నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెము సిద్ధముగా నుండవలెననియు, పొరుగిల్లు కాలుచుండ పరుగెత్తి రాని గృహస్థునకు పండ్రెండు పణములు దండుగయనియు అందే యున్నది. లండను నగరము 1666లో పదమూడువేలకు పైగా ఇండ్లు గోలుపోయిన పిమ్మటగాని, ఇటుకతోనో రాతితోనో గోడలు కట్టవలెనన్న శాసనము 1667లో పుట్టలేదు.

ఇప్పుడు మన ప్రాంతమున ఇండ్లు లేచుచున్నవి. ఇందిరమ్మ యిండ్ల పథకము 2024 మార్చి 11వ తేదీన భద్రాచలముననే ఆరంభమైనది. ఇంటికి అయిదు లక్షల రూపాయలు, కనీసము 400 చదరపుటడుగులు. తాటాకు పోయి కాంక్రీటు కప్పు వచ్చుట గొప్ప మేలు. అందు సందేహము లేదు. కాని పాతపాకను వంటకై ప్రక్కనే యుంచుకొని క్రొత్తయింటిని స్థలపు అంచువఱకు జరుపుట సులభము. 2012 నాటి భవన నియమములు 50 చదరపు మీటర్లకు లోబడిన స్థలములకు ప్రక్కల ఖాళీ కోరవు. పేదవాని స్థలము చిన్నది గనుక నియమము దయతలచినది; నిప్పు దయతలచదు.

అరువది గజముల స్థలమున్నవానిని ఇరుప్రక్కల జాగా విడువుమనుట అన్యాయమని కొందఱందురు. మేమును ఒప్పుకొందుము. ఆ స్థలమున ఇరుప్రక్కల విడిచినచో మిగులునది గది గాదు, నడవ. దీనికి ఉపాయము జంటయిండ్లు. ఇద్దఱును తొమ్మిదంగుళముల ఇటుకగోడ నొకదానిని నడుమ పెట్టుకొందురు. దానికి కిటికీ గాని కన్నము గాని యుండరాదు, కప్పునకు పైన రెండడుగులు లేవవలెను. అట్టి గోడ గంటలతరబడి మంటను నిలుపును. ఇద్దఱును తమతమ రెండవ ప్రక్కన మాత్రము జాగా విడుతురు. ఆవలి జంటయు అట్లే విడిచినచో ఆ రెండు జాగాలు గలిసి ఒక బండి దారియగును. అగ్నిమాపక శకటము ఎంతదూరమునుండి వచ్చినను దూరుటకు ఆ దారి యుండవలెను గదా.

ఇండ్ల సొమ్ము పునాదికి, గోడలకు, కప్పునకు దశలవారీగ చెల్లించుచున్నారు. ప్రతిదశయందును అధికారి వచ్చి ఛాయాచిత్రము దీసికొనిపోవుచున్నాడు. పునాది సొమ్ము మంజూరు చేయుటకు ముందు ఆ చిత్రమున ప్రక్కజాగాగూడ కనబడవలెనని ఒక్క ఆదేశము చాలును. ముగ్గుపోయుటకు పంచాయతి గాని పురపాలకము గాని యొక మనిషిని, ఒక టేపును పంపవలెను. ఉన్న సందులలోని కట్టెలను, గడ్డిని హోళీలోపల తీయించు పని మాత్రము ఏ ఆదేశమునకును వేచియుండనక్కఱలేదు.