పుట్టిన ఊరు చూసి ఇచ్చే ఉద్యోగం

ఎమ్మే ఇంగ్లీషు, బీయెడ్ చేసి పదేళ్లు పాఠాలు చెప్పిన మన అమ్మాయి విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, చాలాచోట్ల మొదట అడిగేది ఎలా బోధిస్తావని కాదు, ఏ దేశం దానివని! మా ఆడపడుచు కూతురితో ఫోనులో అరగంట మాట్లాడి మెచ్చుకున్నవాళ్లు, పాస్‌పోర్టు కాపీ చూశాక మళ్లీ పలకలేదు.

దక్షిణ కొరియానే తీసుకోండి. ఇంగ్లీషు నేర్పే వీసా అక్కడ ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. మన దేశంతో కుదిరిన ఆర్థిక ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చాక, బోధనార్హత ఉన్న భారతీయులకు బడుల్లో సహాయ టీచర్లుగా చిన్న కిటికీ తెరిచారు. జపాన్ మరోలా చెబుతుంది. అక్కడి బడుల్లో ఇంగ్లీషు చెప్పే వీసా కావాలంటే పన్నెండేళ్లు ఆ భాషలోనే చదివుండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత పట్టుబట్టి ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లకి ఆ తలుపు తెరుచుకోవడం కష్టమే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జపాన్ పిల్లలు 'బస్'ని 'బసు' అంటారు. మనం 'బస్సు' అనమూ? వాళ్ల వాక్యంలోనూ క్రియ చివర్నే వస్తుంది. ఇంగ్లీషులోని 'ఎ', 'ది' లాంటివి వాళ్లకీ లేవు, మనకీ లేవు. వాటితో తడబడి గట్టెక్కిన టీచరుకి ఎదుటి పిల్ల ఎక్కడ జారుతుందో ముందే తెలుస్తుంది. రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే తన 'లింగ్విస్టిక్ ఇంపీరియలిజం' పుస్తకంలో, ఇంగ్లీషు మాతృభాష అయినవారే మంచి గురువులన్నది వట్టి భ్రమ అన్నాడు. అంతెందుకు, ఎన్నో దేశాలవాళ్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి మన హైదరాబాదు ఇఫ్లూకి వస్తారు. ఇక్కడ పనికొచ్చిన టీచరు విమానమెక్కగానే పనికిరాకుండా పోతుందా? (తెల్ల టీచరుందంటే ఫీజు ఎక్కువైనా కట్టే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారనుకోండి!)

అన్ని దారులూ మూసుకుపోలేదు. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ బడుల్లో బీయెడ్ ఉన్నవారికి చోటుంది. థాయ్‌లాండ్, వియత్నాంలలో డిగ్రీ, శిక్షణ సర్టిఫికెట్, ఇంగ్లీషు పరీక్ష మార్కులు చూపిస్తే మనవాళ్లకీ అవకాశముంది. శిక్షణ అంటే ఇంట్లో కూర్చుని డబ్బు కట్టి తెచ్చుకునే కాగితం కాదు. కేంబ్రిడ్జివారి 'సెల్టా'లో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పి తీరాలి.

"ముందు విజిట్ వీసా మీద వెళ్లిపోండమ్మా, అక్కడ మార్పిస్తాం" అనే ఏజెంటు మాట మాత్రం వినకండి. పట్టుబడితే జరిమానా, తిరుగు ప్రయాణం మనకే, అతనికి కాదు. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్‌లో అతని లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే, అక్కడా అడగొచ్చు. జీతమెంత, ఇల్లెవరిస్తారు, ఒప్పందం మధ్యలో మానేస్తే ఏమవుతుంది... అన్నీ కాగితం మీద రాయించుకోండి. అక్కడికి వెళ్లాక ఎవరడిగినా సరే, పాస్‌పోర్టు మీ సంచిలోనే ఉంచుకోండి.