బడి తోటకి సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారు?

పోయిన ఏడాది పక్క ఊరి బడిలో కూరగాయల తోట పెట్టించాను. మొదటి రోజు అందరూ ఫొటోలు దిగారు. సంక్రాంతి సెలవులయ్యాక వెళ్లి చూస్తే వంగ మొక్కలన్నీ ఎండిపోయి ఉన్నాయి. తప్పు పిల్లలది కాదండి, నాదే. సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో ముందు మాట్లాడుకోలేదు.

ఈసారి జూన్‌లో బడి తెరవగానే ఐదుగురికో మడి ఇచ్చాం. ముందు తోటకూర వేయించాం, 25-30 రోజుల్లో కోతకొస్తుంది కాబట్టి. బెండకి నెలన్నర ఆగాలి, పిల్లలకి అంత ఓపిక ఉండదు. జీవామృతం వాళ్లతోనే కలిపించాను. 20 లీటర్ల నీళ్లకి కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి 200 గ్రాముల చొప్పున, గుప్పెడు గట్టు మట్టి. మరి 200 లీటర్ల డ్రమ్ముకి ఎంతెంత అంటే ఐదో తరగతి పాప టకటకా చెప్పేసింది. లెక్కల పాఠం అక్కడే అయిపోయింది.

కోసిన ఆకుకూర ఆ రోజే మధ్యాహ్న భోజనం పప్పులో పడాలి. రోజూ ఆకు ఏరి పక్కన పెట్టే పిల్లాడు కూడా ‘ఇది మా మడిదే’ అంటూ తింటాడు.

బడి తోటలకి కేంద్రం 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ సెలవుల్లో నీళ్లు పోసేది కాగితం కాదు, మనిషి. ఆ పని ఊరి రైతులమే తీసుకోవాలని నా అభిప్రాయం. మీ ఊరి బడికి వారానికో గంట ఇవ్వగలరా?