ఎనభై రెండు మందిలో ఒకడు

మొన్న లంచ్ టైములో మా టీమ్‌లో ఒకాయన ఫోన్‌లో ఏదో చదివి పకపకా నవ్వాడు. "కానిస్టేబుల్ పోస్టులకి బీటెక్‌లు ఎగబడుతున్నారంట బాస్. నాలుగేళ్ళు చదివి లాఠీ పట్టుకోడానికా? ఆర్నెల్లు కూర్చుని జావా నేర్చుకోవచ్చుగా!" అన్నాడు. టేబుల్ మీదున్న అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అక్కడ వాదించలేదు కూడా (అదే నా రోగం, నోటికి రానివన్నీ ఇంటికొచ్చి కీబోర్డు మీద కక్కడం).

ముందు లెక్కలు చూద్దాం, మనకి ఇష్టమైనవి అవేగా. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరు 28న 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. అప్లై చేసినవాళ్ళు 5,03,487 మంది. అంటే ఒక్కో పోస్టుకి 82 మంది. అదే ఏడాది తెలంగాణలో కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌కి వచ్చిన దరఖాస్తులు 6 లక్షల 61 వేల పైచిలుకు. ఇంటర్ పాసైతే చాలన్న ఉద్యోగం ఇది. ముందు 200 ప్రశ్నల ప్రిలిమ్స్. అది దాటితే ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉందా, ఛాతీ ఊపిరి పీలిస్తే 5 సెంటీమీటర్లు పెరుగుతుందా అని కొలతలు. ఆ తర్వాత 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి, దాంతోపాటు వంద మీటర్ల పరుగో లాంగ్ జంపో గట్టెక్కాలి. అదీ అయ్యాక ఇంకో రాతపరీక్ష. మనలో ఎంతమంది లిఫ్ట్ పాడైన రోజు నాలుగో అంతస్తుకి ఆయాసపడకుండా ఎక్కుతున్నాం?

పోటీ మీద నాకు ఫిర్యాదు లేదు. ఎంసెట్ ర్యాంకులు చెప్పుకుంటూ పెరిగిన జాతి మనది, పోటీని తిట్టే హక్కు మనకి లేదు. ఐఐటీకి లక్షల మంది రాస్తే "అబ్బో" అంటాం, కానిస్టేబుల్‌కి లక్షల మంది రాస్తే "అయ్యో" అంటాం. ఆ తేడా ఎందుకో ఎవరైనా చెప్తే వింటా. నా కోపం పోటీ మీద కాదు, క్యాలెండర్ మీద.

మా బాబాయి కొడుకు ఒకడున్నాడు, నాకంటే ఏడాది చిన్న. మెకానికల్ బీటెక్, 2019లో బయటికొచ్చాడు. దానికి ముందు కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చింది 2018 నవంబరులో, అప్పుడు వాడు ఫైనలియర్. మళ్ళీ వచ్చింది 2022లో. మధ్యలో నాలుగేళ్ళు ఏమీ లేదు. వయసు పరిమితి 24, ఆసారి రెండేళ్ళు సడలించారు కాబట్టి అప్లై చేయగలిగాడు, లేకపోతే అదీ లేదు. నంద్యాలలో కోచింగ్, నలుగురికో గది, తెల్లారుజామున నాలుగున్నరకి గ్రౌండ్.

2023 జనవరి 22న ప్రిలిమ్స్ జరిగింది. ఫలితాలు ఫిబ్రవరి 5న వచ్చేశాయి. నాలుగున్నర లక్షల పైచిలుకు మంది జవాబు పత్రాలు రెండు వారాల్లో దిద్ది, 95,208 మందిని తేల్చేశారు. మావాడు అందులో ఉన్నాడు. శభాష్ అనుకున్నాం.

ఆ తర్వాత ఈవెంట్స్. వాళ్ళ భాషలో దేహదారుఢ్య పరీక్షలు. మార్చిలో అన్నారు. ఎమ్మెల్సీ ఎన్నికలొచ్చాయని వాయిదా వేశారు. తర్వాత హోంగార్డుల కోటా మీద కోర్టు కేసు. తర్వాత 2024 ఎన్నికలు. చివరికి ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. దాదాపు 23 నెలలు! ఆఖరి రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న. మొదటినుంచి చివరిదాకా రెండేళ్ళ ఎనిమిది నెలలు.

"అంతమందిని వడపోయాలంటే టైం పడుతుంది కదా" అంటారు. పట్టదు. వడపోతకి పట్టిన టైమంతా కలిపితే కొన్ని నెలలే, మిగతాదంతా ఊరికే కూర్చోబెట్టడం. ఇంకో సాక్ష్యం కావాలా? అదే బోర్డు, అప్పుడే ఇచ్చిన 411 ఎస్సై పోస్టుల నోటిఫికేషన్ ఉంది. దానికీ కోర్టు కేసు తగిలింది, అయినా 2023 డిసెంబరుకల్లా ఫలితాలు వచ్చేశాయి. తెలంగాణలోనూ తప్పు ప్రశ్నలు, కోర్టులు అన్నీ ఉన్నాయి, కానీ 2022 ఏప్రిల్ నోటిఫికేషన్‌కి 2023 అక్టోబరులో సెలెక్షన్ లిస్టు ఇచ్చారు. అదీ తక్కువేం కాదు, కానీ రెండేళ్ళ ఎనిమిది నెలలైతే కాదు.

మన ఫీల్డులో 2022 బ్యాచ్ పిల్లలకి ఆఫర్ లెటర్లిచ్చి రెండేళ్ళు జాయినింగ్ ఇవ్వకపోతే లింక్డ్ఇన్ అంతా గోల చేశాం. చేయాల్సిందే, తప్పు లేదు. ఈ 95 వేల మంది గురించి మనలో ఒక్కడు పోస్టు పెట్టాడా? నేనూ పెట్టలేదు. వాళ్ళు ఆ 23 నెలలూ రోజూ పరుగెత్తాలి, ఎందుకంటే ఎప్పుడు పిలుస్తారో తెలీదు. మావాడు ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి చేరాడు. నైట్ షిఫ్టు చేసి పొద్దున పరుగెత్తలేక నెలన్నరకి మానేశాడు.

2023 మధ్యలో నాకు ఫోన్ చేసి "అన్నా, టెస్టింగ్ కోర్సు ఏదైనా చేయమంటావా?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "ఈవెంట్స్ ఇవాళో రేపో అంటున్నారుగా, ఇప్పుడెందుకురా మధ్యలో" అన్నా. ప్రాజెక్టులకి ఎస్టిమేట్లు వేసి జీతం తీసుకునేవాణ్ణి, తేదీ లేని పనికి ఎస్టిమేట్ ఇచ్చేశా.

నేనడిగేది పెద్ద కోరికలు కావు. ఏటా ఒకే నెలలో నోటిఫికేషన్. నోటిఫికేషన్‌లోనే అన్ని దశల తేదీలు. బోర్డు వైపునుంచి ఆరు నెలలు దాటి ఆలస్యమైతే, ఆ ఆలస్యమంతా ఆ అభ్యర్థుల వయసు పరిమితికి తర్వాతి నోటిఫికేషన్‌లో ఆటోమేటిగ్గా కలవాలి, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా. కోర్టు కేసులు ఆపలేం అంటారా, నిజమే. కానీ కేసు తగిలిన పోస్టులు పక్కన పెట్టి మిగతావి నడిపించలేరా అని అడగొచ్చు.

మావాడు ఈవెంట్స్ పాసయ్యాడు. 1600 మీటర్లు ఆరు నిమిషాల్లోపే. ఆఖరి రాతపరీక్షలో కటాఫ్‌కి కాస్త కింద ఆగిపోయాడు. అది పోటీ, దాని మీద వాడికీ ఏడుపు లేదు. కానీ ఇప్పుడు వాడికి 28. అదే వయసు పరిమితి ఉంటే వాడికి ఇంకో నోటిఫికేషన్ లేదు.

పోయిన వారం వాడి రెజ్యూమె పంపించమన్నా, మా ఆఫీసులో రిఫర్ చేద్దామని. 2019 తర్వాత "పోలీస్ కానిస్టేబుల్ ప్రిపరేషన్" అని ఒక లైను రాశాడు. హెచ్ఆర్ వాళ్ళు గ్యాప్ చూస్తే పక్కన పడేస్తారని నేను ఆ లైను తీసేసి, ఫ్రీలాన్స్ అని ఏదో పెట్టి వాడికి తిప్పి పంపా.

రాత్రి ఫోన్ చేశాడు. "అదెందుకు తీసేశావన్నా? దొంగతనమేం చేయలేదుగా."

ఆ లైను మళ్ళీ పెట్టి పంపా. ఇంకా కబురు లేదు.