క్యాన్సర్ వైద్యశాలలలో నర్సుల వ్రాతపని

క్యాన్సర్ రోగికి మందెక్కించు నర్సు దినములో పెద్దభాగము వ్రాతకే వెచ్చింపవలసి వచ్చుచున్నది. ఎత్తు, బరువు, రక్తపరీక్షల ఫలితములు కేసుషీటులో నొకసారి, మందుల పట్టికలో నొకసారి, డ్యూటీ మారునప్పటి రిజిస్టరులో మరియొకసారి! కంప్యూటరు వచ్చిన పలుచోట్ల కాగితము తొలగలేదు. నాలుగవ వ్రాత చేరినది. వ్రాయనిది జరుగనిదే యని న్యాయస్థానములు తలచునను భయము కూడ ఈ భారమును పెంచినది. దీనిని తగ్గింపవలసినదే. కాని దేనిని తగ్గింపవలెను?

కొన్ని వ్రాతలు ప్రాణరక్షకములు. పెక్కు మందుల మోతాదును ఎత్తు బరువులనుబట్టియే కట్టుదురు. బరువు తప్పిన మోతాదు తప్పును. విన్‌క్రిస్టీన్ రక్తనాళములోని కెక్కింపవలసిన మందు. పొరపాటున వెన్నులోని ద్రవమున చేరినచో ప్రాణాంతకము. ఇద్దరు వేరువేరుగా సరిచూచి సంతకము చేయవలెనను నియమ మిందులకే. డాక్సోరూబిసిన్ నరము వెలుపలికి కారినచో చుట్టునున్న కండ చచ్చి పుండగును. ఎచట, ఎప్పుడు కారెనో అప్పుడే వ్రాయనిచో తరువాత వచ్చు నర్సునకు దిక్కుతోచదు. సంస్కరణము పేర వీనిపై కత్తి పెట్టుటకు మేము సమ్మతింపము.

మామూలునకు భిన్నమైనదానినే వ్రాయు పద్ధతి యొకటి 1983లో అమెరికాలోని మిల్వాకీ నగరమున పుట్టినది. శ్రమ తగ్గునుగాని, ఖాళీగడి నొప్పి లేదని చెప్పుచున్నదా, నర్సు అడుగనే లేదని చెప్పుచున్నదా? నొప్పిని సున్న మొదలు పదివరకు కొలుచునపుడు సున్నయైనను వ్రాయవలసినదే.

ఇంతకంటె మేలైన మార్గమున్నది. వ్యాధి ముదిరి వ్యాపించిన 766 మంది రోగులతో న్యూయార్కులో నొక పరిశోధన జరిగినది. కొందరు తమ బాధలను తామే కంప్యూటరులో నమోదు చేసిరి; బాధ తీవ్రమైనచో నర్సునకు వెంటనే వార్త చేరెను. 2017లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి మామూలు చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలము 26 నెలలు. వీరిది 31 నెలలు.

మన రోగి “అరికాళ్లు మొద్దుబారినవమ్మా” యని తెలుగున చెప్పగా నర్సు దాని నింగ్లీషున వ్రాయుచున్నది. జ్వరము, నోటిపూత, వాంతులు, తిమ్మిరి — వీనిని రోగియో, ఇంటివారో తెలుగు పట్టికలో గుర్తింపలేరా? చదువురానివారికి బొమ్మలుండవచ్చును. 1955లో హైదరాబాదున వెలసిన ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ సంస్థయు, 2012లో నేర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్డును ఇందులకు పూనుకొనవలెను. ఆ పట్టికను కూర్చు సంఘమున పెద్ద వైద్యులతోపాటు రాత్రి డ్యూటీ చేయు నర్సులను కూడ కూర్చుండబెట్టవలెను.